దాయవిభాగం నుండి ధ్రువపత్రం వరకు: వీలునామా లేని మరణాలలో వారసత్వ నిరూపణ చరిత్ర

వీలునామా రాయకుండా మరణించిన వ్యక్తి ఆస్తి విషయంలో రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. వారసులు ఎవరన్నది మొదటిది. వారసులమని ఎవరి ఎదుట, ఏ ఆధారంతో నిరూపించుకోవాలన్నది రెండవది. మొదటి ప్రశ్నకు ధర్మశాస్త్రాలు, తరువాత చట్టసభలు సమాధానం చెప్పాయి. రెండవ ప్రశ్నకు నేటి రూపం వలసపాలన నాటి న్యాయస్థానాలలో, రెవెన్యూ కార్యాలయాలలో ఏర్పడింది. తెలుగునాట హిందూ కుటుంబాలలో హక్కు, నిరూపణ వేర్వేరు దారుల్లో నడిచాయనీ, స్త్రీల వారసత్వంలో చట్టానికీ ఆచరణకూ మధ్య గల అంతరానికి అదొక ముఖ్య కారణమనీ వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

పదాల సాక్ష్యం

'వీలునామా' ఆంగ్లపదమైన 'విల్'కు పారసీక 'నామా' చేరి ఏర్పడిన మాట. 'దాయం' అంతకంటే ఎంతో పాతది. దాయంలో పాలుగలవాడు దాయాది. ప్రాచీన తెలుగులో 'దాయ' శబ్దానికి జ్ఞాతి అనే అర్థంతోపాటు శత్రువు అనే అర్థం కూడా ఉంది. పంపకాల తగవు ఎంత పాతదో ఈ ఒక్క పదం చెబుతుంది. యజమాని తన ఇష్టప్రకారం మరణానంతర వినియోగాన్ని రాసిపెట్టడం ధర్మశాస్త్ర వ్యవస్థలో ప్రధానాంశం కాదు. నేడు వీలునామా 'లేకపోవడం'గా చెప్పుకొనేది ఆనాటి సహజస్థితి.

మితాక్షర క్రమం

కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన మూలఘటిక కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా ఉన్న ఈ కృతి ద్వారా ధర్మశాస్త్ర విషయం తెలుగు పాఠకులకు అందింది.

పుత్రసంతతి లేనివాని ధనానికి పత్ని, కుమార్తెలు, తల్లిదండ్రులు, సోదరులు, వారి కుమారులు వరుసగా అర్హులని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. పత్నికి ప్రథమస్థానం దక్కడం ఇక్కడ విశేషం. అయితే మితాక్షర ఈ క్రమాన్ని విభక్తుడైన వానికే పరిమితం చేసింది. అవిభక్తుడు మరణిస్తే అతని భాగం బతికి ఉన్న దాయాదులకే చేరుతుంది. భార్యకు మిగిలేది మనోవర్తి. కనుక విధవ హక్కు అంతా 'ఆయన వేరుపడ్డాడా, లేదా?' అన్న ఒక్క ప్రశ్న మీద ఆధారపడింది. వలసపాలన నాటి న్యాయస్థానాలు కుటుంబం ఉమ్మడిదేనని ముందుగా భావించి, విభాగం జరిగిందన్న వారిపైనే రుజువుభారం మోపాయి. లెక్కలు, పత్రాలు పురుషుల చేతిలో ఉండగా ఆ భారం మోయవలసి వచ్చింది విధవ.

పత్రాల వ్యవస్థ

ప్రొబేట్ అంటే వీలునామా యథార్థమైనదని న్యాయస్థానం ధ్రువీకరించడం. వీలునామాయే లేనప్పుడు దానికి తావులేదు. దాని స్థానంలో ఆస్తి నిర్వహణాధికార పత్రం ఉంటుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 212వ సెక్షన్ ఈ పత్రం లేనిదే వీలునామా లేని ఆస్తిపై హక్కును న్యాయస్థానంలో స్థాపించరాదంటూనే, హిందువులు, ముస్లింలు, భారతీయ క్రైస్తవులు మొదలైన వారిని ఆ నియమం నుండి మినహాయించింది. వారికి ప్రధానంగా అవసరమయ్యేది వారసత్వ ధ్రువపత్రం. 1889లో ప్రత్యేక చట్టంగా వచ్చిన ఈ విధానం 1925 చట్టంలో లీనమైంది. మృతునికి రావలసిన బాకీలు, సెక్యూరిటీల వసూలుకే ఇది పరిమితం. బాకీదారు మంచి విశ్వాసంతో ధ్రువపత్రం గలవారికి చెల్లిస్తే అతనికి రక్షణ లభిస్తుంది. వారసుల మధ్య హక్కు వివాదాన్ని మాత్రం ఇది తుదిగా తేల్చదు.

భూమి దారి వేరు. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం వారసత్వంగా హక్కు పొందినవారు 90 రోజులలో రెవెన్యూ అధికారికి తెలియజేయాలి. తెలంగాణ వాడుకలోని 'విరాసత్', 'ఫౌతీ' పదాలు ఈ పేరుమార్పిడికి సంబంధించినవే. పేరుమార్పిడి హక్కును సృష్టించదనీ, అది పన్ను వసూలు కోసం ఉద్దేశించినదనీ న్యాయస్థానాలు పదేపదే స్పష్టం చేశాయి.

హక్కు విస్తరణ

1937 చట్టం విధవకు కుమారునితో సమాన భాగం ఇచ్చినా అది జీవితకాలపు పరిమిత హక్కే. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితిని తొలగించింది. కుమారుడు, కుమార్తె, భార్య, తల్లి మొదటి తరగతి వారసులయ్యారు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు కల్పించడంలో ఆంధ్రప్రదేశ్ కేంద్రం కంటే ముందు నిలిచింది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైంది. అయితే ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ భేదాన్ని పాటించలేదు. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ముగింపు

హక్కు ఇంతగా విస్తరించినా నిరూపణ ఇంటి నుండే మొదలవుతుంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తులో పేర్లు రాసేది సాధారణంగా ఇంటి పెద్ద కుమారుడే. కట్నంతో, పసుపుకుంకుమలతో ఆడపిల్ల వాటా తీరిపోయిందన్న భావన బలంగా ఉన్నచోట ఆ జాబితాలో కుమార్తె పేరు జారిపోయే అవకాశం ఉంది. పేరు లేనంత మాత్రాన ఆమె హక్కు నశించదు. కానీ దానిని నిలబెట్టుకోవడానికి సోదరులపై సివిల్ దావా వేయవలసిన స్థితి ఏర్పడుతుంది. నాటి విధవపై పడిన రుజువుభారం నేడు ఈ రూపంలో కుమార్తెకు సంక్రమించింది. కనుక స్త్రీల వారసత్వ చరిత్రను స్మృతులలో, చట్టాలలో మాత్రమే చదివితే అది అసమగ్రం. ధ్రువపత్రాల దరఖాస్తులను, పేరుమార్పిడి దస్త్రాలను కూడా చరిత్రకు ఆకరాలుగా స్వీకరించాలి.