గోండ్వానా రాక్షసబల్లులు, లింగో చంపిన మహాసర్పం



గోండ్వానా అంటే గోండుల అడవి. ఆ మాట మన పాటల్లోనే కాదు, ప్రపంచంలోని జియాలజీ పుస్తకాలన్నిటిలోనూ ఉంది. 1870ల్లో మెడ్లికాట్ అనే తెల్లదొర మధ్యభారతంలో దొరికే ఒక రాతిపొరల వరసకు మన పేరు పెట్టాడు. సింగరేణి బొగ్గు కూడా ఆ వరసలోదే. తర్వాత 1885లో ఎడ్వర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దక్షిణ ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని చెబుతూ ఆ పాత నేలను గోండ్వానాలాండ్ అన్నాడు. ఇంత పెద్ద పేరు మనదని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ రాళ్ళలో ఏమున్నాయో చూద్దాం. ప్రాణహిత, గోదావరి కలిసే చోట, సిరొంచ వైపు పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1960ల మొదట్లో పెద్ద పెద్ద ఎముకలు తవ్వారు. దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. పుర్రె మాత్రం దొరకలేదు. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, అంటే మనిషి నిలువంత! అందుకే బరాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో బరా పా అంటే పెద్ద కాలు. తవ్విన 1961 టాగూర్ నూరేళ్ళ పుట్టినరోజు ఏడాది, ఆ రెండో మాట అందుకు. ఇప్పుడా అస్థిపంజరం కలకత్తాలో ఉంది.

ఇటు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర ఇంకోటి దొరికింది. 840 ఎముకలు, కనీసం పన్నెండు జంతువులవి. ఒక్కోటి తొమ్మిది మీటర్ల దాకా పొడవు. దీన్ని కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్నారు. ఈసారి కనీసం ఊరి పేరైనా దక్కింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టింది దీన్నే. రెండూ ఆకులలములు తినేవే, పేరుకే రాక్షసులు.

ఇక మన కథ. మహాదేవుడు గోండుల్ని గుహలో బంధిస్తే, లింగో విడిపించమని అడుగుతాడు. సముద్రపు ఒడ్డున ఉండే పెద్ద నల్లపక్షి బిందో పిల్లల్ని తెమ్మంటాడు మహాదేవుడు. నీళ్ళలోంచి ఒక మహాసర్పం వచ్చి ఆ పక్షి పిల్లల్ని ప్రతిసారీ మింగిపోతుంటుంది. తల్లిదండ్రులు లేనప్పుడు దొంగతనంగా పిల్లల్ని పట్టుకుపోవడం లింగోకి ఇష్టం లేదు. పాము రాగానే దాన్ని చంపి పిల్లల్ని కాపాడతాడు. ఆ పక్షులే తర్వాత పిల్లలతో సహా లింగోని రెక్కల మీద మోసుకెళ్తాయి.

ఆ పామే డైనోసార్ అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళున్నారు. అది మనం ఒప్పుకోకూడదు. ఈ ఎముకలు సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటివి, అప్పటికి మనిషి జాతే లేదు. అలా అని కథ విలువ తగ్గదు. ఆ కథ చెప్పేది జంతువు కొలతలు కాదు, వేటకైనా ఒక న్యాయం ఉండాలన్న సంగతి. దానికి ఎముకల సాక్ష్యం అక్కర్లేదు.

కానీ రెండిటినీ కలిపే మనిషి నిజంగా ఒకడున్నాడు. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ. పగలు రాళ్ళు పగలగొట్టి శిలాజాలు ఏరేవాడు, గోండుల మాటలూ పాటలూ రాసుకునేవాడు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆయన కాగితాలు 1866లో రిచర్డ్ టెంపుల్ అచ్చేయించాడు. లింగో కథ అచ్చులోకి వచ్చింది అందులోనే. చెప్పింది ఒక ప్రధాన్. కీక్రి వాయిస్తూ తరతరాలుగా ఆ కథ మోసింది ప్రధాన్లే, పుస్తకం మీద పేర్లు మాత్రం దొరలవి.

వేమనపల్లి, సిరొంచ వైపు వాళ్ళు గ్రూపులో ఉంటే కింద రాయండి: ఆ బండల్లో కనిపించే ఎముకల్ని మీ ఊళ్ళో పెద్దలు ఏమని పిలిచేవారు? గోండిలో అయితే గోండిలోనే రాయండి.