841 దాటిందా?

నందికొట్కూరు బస్టాండుకు దగ్గర్లో, మేడ మీది కంప్యూటర్ సెంటర్లో కూర్చున్నారు మీరు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మీదాకా రావడం లేదు. కింద ఆత్మకూరు బస్సు హారన్ మోగుతోంది. పక్క సీట్లో డిగ్రీ చదివే అమ్మాయి పైథాన్‌లో ‘ఇఫ్’ నేర్చుకుంటోంది.

పుస్తకంలో ఉన్నది వయసు 18 నిండిందా, ఓటుందా అనే పాత ఉదాహరణ. సార్ దాన్ని పక్కన పెట్టి బోర్డు మీద శ్రీశైలం అని రాశాడు. మంచి పని చేశాడు. కృష్ణకు వరదొచ్చే రోజుల్లో ఈ ఊళ్లో ఎవరినడిగినా డ్యాం మట్టం అడుగుల్లో చెప్తారు.

మొదటి ప్రశ్న తేలిక: డ్యాం నిండిందా? పూర్తి మట్టం 885 అడుగులు. ఆ అమ్మాయి లెవెల్ == 885 అని రాసి, ప్రోగ్రాం అడగ్గానే 885 కొట్టింది. తెర మీద ఫాల్స్.

"సార్, 885 కొడితే 885 కాదంటాంది!"

"ఇన్‌పుట్ ఇచ్చేది అక్షరాలమ్మా. నువ్వు కొట్టింది ఎనిమిది, ఎనిమిది, ఐదు, మూడు అక్షరాలు. కుడిపక్క ఉండేది అంకె. రెండూ ఎట్ల ఒకటైతాయి?"

ఇన్‌పుట్ చుట్టూ, అక్షరాలను అంకెగా మార్చే ఇంట్ తగిలించగానే ట్రూ వచ్చింది. ఇక్కడ == బదులు > ఉండుంటే పైథాన్ ఎర్రర్ చూపి ఆగిపోయేది. == మాత్రం కిమ్మనకుండా ఫాల్స్ అనేసి ముందుకు పోతుంది. నన్నడిగితే ఎర్రరే నయం.

వెనక బెంచీ పిల్లోడు ట్రూ + ట్రూ కొట్టి 2 వచ్చిందని నవ్వుతున్నాడు. అది తప్పు కాదు. 1991లో పైథాన్ బయటికొచ్చినప్పుడు ట్రూ, ఫాల్స్ అనే మాటలే లేవు, 1, 0లతో నడిచింది. 2003లో 2.3 వెర్షన్‌తో నిజం-అబద్ధాలకు సొంత రకం వచ్చినా, లోపల ట్రూ విలువ ఇప్పటికీ 1.

ఇప్పుడు అసలు లెక్క. శ్రీశైలం నీళ్లను కాలువలోకి వదిలే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్‌కు నీళ్లు అందుతాయా? 2020లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన అంకెలు సార్‌కు నోటికొచ్చు: 881 అడుగులుంటేనే పూర్తిగా 44 వేల క్యూసెక్కులు, 854 దగ్గర 7 వేలు, 841కి దిగితే చుక్క కూడా రాదు. అమ్మాయి >= పెట్టింది. మీరు తెర వైపు చూసి ఆగారు. సరిగ్గా 841 ఉంటే? ఆమే గమనించి = తీసేసింది.

842 కొట్టింది: ట్రూ. 881 కొట్టింది: ట్రూ. రెండూ ఒకటేనా? పొలంలో మిరప పెట్టిన మనిషికి ఆ రెంటి మధ్య పంటంత తేడా ఉంది. అడిగిన ప్రశ్నే బీదది, జవాబు మాత్రం ఎక్కడినుంచి కలిగినదవుతుంది?

"ఎలిఫ్ పెట్టు, ఇది కాకపోతే అది అని," అన్నాడు సార్.

ఆమె పెట్టింది. మొదట 841 దాటిందా, తర్వాత 854, చివర్లో 881. నడిపి 883 కొట్టింది. తెర మీద "కొంచెం నీళ్లు" అని వచ్చింది.

"డ్యాం నిండుతాంటే కొంచెమేంది సార్?"

"మొదటి తలుపే ట్రూ అయిపాయె. ఇంక మిగతావాటి జోలికి అదెందుకు పోతాది?"

ఆమె వరుసలను కట్ చేసి 881ను పైకి ఎక్కిస్తోంది. వెనక పిల్లోడు కరెంటు పోయేలోపు సేవ్ చేసుకోమంటున్నాడు.