సూదితో రాసిన ఉప్పుబాట

పడమటి ప్రకాశం చరిత్ర రాయబూనినవాళ్లు గుడిగోడల మీది శాసనాలు చూస్తారు, కైఫీయతులు తిరగేస్తారు, ఆ తర్వాత దొరల కాలపు జిల్లా మాన్యువళ్ల దగ్గరికి వస్తారు. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ, చంద్రశేఖరపురం చుట్టుపట్ల కనిగిరి సీమ నెల్లూరు జిల్లాలోనూ ఉండేవి. అందువల్ల ఈ ప్రాంతం కథ 1873 నాటి బోస్వెల్ నెల్లూరు మాన్యువల్లో సగం, 1886 నాటి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు మాన్యువల్లో సగం దొరుకుతుంది. రెండూ విలువైన పుస్తకాలే. కానీ రెండూ అధికారులు రాసినవి, శాసనాలేమో దానమిచ్చినవాళ్లు చెక్కించినవి. ఊరూరా తిరిగి సరుకు మోసిన కుటుంబాల్లోని ఆడవాళ్లు తమ చేత్తో పెట్టిన గుర్తు కావాలంటే ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు సుగాలి (లంబాడీ, బంజారా అన్నా వీళ్లే) తండాల్లో పాత ట్రంకుపెట్టెలు తెరవాలి. కూతురి పెళ్లికోసం తల్లీ, పిన్నమ్మలూ, వదినలూ కుట్టిన ముసుగు వాటి అడుగున ఉంటుంది. దాన్ని గిరిజన వేషమనో జానపద కళ అనో పక్కన పెడుతున్నాం. ఆ ముసుగు ఈ సీమ వర్తకానికి సాక్ష్యమనీ, శాసనాన్ని చదివినంత శ్రద్ధగా దాన్నీ చదవాలనీ నా వాదన.

ముందు ఆ వస్తువేమిటో చూడాలి. లంబాడీ స్త్రీ ఉడుపులో కుచ్చుల పావడా ఫేటియా, వీపు తెరిచి ఉండే రవిక కాంచళి, తల మీంచి జారే ముసుగు టుక్రి. ఆ ముసుగులో నుదుటి మీదికి వచ్చే అంచుకు కుట్టే పనితనపు పట్టీని ఘుంగ్టో అంటారు. చేతిపని అంతా అక్కడే చిక్కబడుతుంది. అద్దం బిళ్లకు చిల్లి ఉండదు కాబట్టి దాన్ని నేరుగా గుడ్డకు కుట్టడం కుదరదు. బిళ్లను గుడ్డ మీద బొటనవేలితో అదిమిపట్టి, ముందు నాలుగు దారాలు దాని మీదుగా అడ్డంగా నిలువుగా లాగి చదరం కడతారు. తర్వాత ఆ చదరాన్ని ఆధారం చేసుకుని, ఒక్కో కుట్టుకూ సూదిని గుడ్డలోంచీ దారం కిందనుంచీ తీస్తూ చుట్టూ గట్టు కడతారు. ఆ బిగువుకు చదరం వెనక్కి లాగబడి గుండ్రమవుతుంది, అద్దం అందులో ఇరుక్కుంటుంది. దారం వదులైతే బిళ్ల జారిపోతుంది, మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. గవ్వల పని వేరు. వీపు భాగం తీసేసి బల్లపరుపుగా చేసిన గవ్వనే కుట్టగలరు. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుపనిలో కిలన్, వేలే, మాకీ, రేలో, నక్రా వంటి పద్నాలుగు రకాల కుట్లకు పేర్లున్నాయి. ఇన్ని పేర్లు పుట్టాయంటే ఇది తీరిక వేళ కాలక్షేపం కాదు, తరాలుగా నేర్పుకుంటూ వచ్చిన విద్య.

ఇక సాక్ష్యం సంగతి. బంజారాలు పదిహేడో శతాబ్దంలో పదివేలు, పన్నెండు వేల ఎద్దులతో ధాన్యం, ఉప్పు మోసుకుంటూ సాగడం ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే చూసి రాశాడు. 1803లో దక్కనులో మరాఠాల మీద యుద్ధం చేసిన ఆర్థర్ వెలస్లీ సైన్యానికి తిండిగింజలు చేరవేసింది కూడా ఈ పెరికెడ్లే. మన దగ్గర వాళ్ల ముఖ్యమైన సరుకు ఉప్పు. చినగంజాం, కనుపర్తి తీరాన పండిన ఉప్పు పడమటి ఊళ్లకు చేరాలంటే నల్లమల అడ్డం. ఆ కొండల్లో గిద్దలూరుకూ నంద్యాలకూ మధ్య నందికనుమ లాంటి దారులున్నాయి, ఆ దారుల్లో బండి కంటే ఎద్దు వీపే నమ్మకం. పైకి ఉప్పు, తిరుగు దారిలో ధాన్యం. ఇప్పుడు ముసుగు తీసి చూడండి. గవ్వ మాల్దీవుల సముద్రంలోది, ఒకప్పుడు దేశంలో చాలాచోట్ల చిల్లర డబ్బుగా చెల్లినది. అద్దం బిళ్లల పరిశ్రమకు గుజరాత్‌లోని కపడ్‌వంజ్ పేరు మోసిన చోటు. అంచున వేలాడేది సర్కారు వెండి నాణెం. సొంత పొలం లేని కుటుంబం ఇంట్లోకి ఇవన్నీ ఎలా వచ్చాయన్న ప్రశ్నకు సరుకుబాట ఒక్కటే సరైన జవాబు. మగవాళ్లు ఎద్దుల మీద తెచ్చిన లాభంలో ఒక భాగం ఆడవాళ్ల సూది కింద నిలిచింది. బంజారా పెళ్లి అప్పగింతల్లో కన్నెపిల్ల అలంకరించిన ఎద్దు మీద నిలబడి హవేలి పాట పాడే ఆచారం ఉంది. పుట్టింటి జీవనాధారం ఎద్దే గనుక ఆ పిల్ల దాని వీపు మీదనుంచే వీడ్కోలు చెబుతుంది.

ఆ తర్వాత రైలొచ్చింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు మీదుగా గుంటూరుకు వేసిన మీటర్‌గేజి దారి 1890 నాటికి పూర్తయింది. బొగద సొరంగం తవ్వి, దొరబావి లోయ మీద వంతెన నిలిపి, కనుమలో ఎద్దులు రోజుల తరబడి నడిచిన దూరాన్ని గంటల్లోకి తెచ్చారు. తీరంలో ఉప్పు 1805లోనే కుంపినీ గుత్తాధిపత్యంలోకి వెళ్లింది, దాన్ని మోసే పనినీ రైలు లాగేసుకుంది. ఈ మార్పు ముసుగుల మీద కనబడుతుందని ఊహించడం సబబే. ఒక ముసుగును పరీక్షించే తీరు కూడా ఉంది. నాణేల్లో అన్నిటికంటే కొత్తది ఏ సంవత్సరానిదో చూడాలి, కుట్టు పని ముగిసింది దానికి ముందు కాదు. ఐదో జార్జి రూపాయి ఉంటే 1911 తర్వాతది. 1940 దాకా రూపాయిలో వెండి నూటికి 91.7 పాళ్లు, ఆ ఏడాది సగానికి దించారు, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. కుట్టినవాళ్లకు ఈ లెక్కలు కాగితం మీద తెలియకపోవచ్చు, కానీ చేతి బరువూ మోతా తెలుసు. వెండి పోయాక నాణెం స్థానంలో రేకు బిళ్ల, గవ్వ స్థానంలో ప్లాస్టిక్ పూస వస్తే అది అభిరుచి మారినందువల్లే అనుకోలేం, ఇంటి నిల్వ తరిగినందువల్ల కూడా.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నాణేలు, గవ్వలు చిరిగిన పాత ముసుగు నుంచి విప్పి కొత్తదానికి కుట్టేవే కదా, అమ్మమ్మ రూపాయి మనవరాలి ముసుగు మీద ఉంటే కాలం ఎలా తేలుతుంది? నిజమే, అందుకే పాత నాణెం దేనికీ రుజువు కాదు. కొత్త నాణెం, గుడ్డ నేత, దారపు రంగు మూడూ కలిపి చూస్తేనే తేలుతుంది. జర్మనీలో కృత్రిమ నీలిమందు 1897లో అమ్మకానికి వచ్చింది, ఆ మందు అద్దినదని తేలిన దారం అంతకు ముందుది కాదు. పైగా ఈ విప్పి కుట్టడమే నాకు అన్నిటికంటే విలువైన సంగతిగా తోస్తుంది. కరువొస్తే నాణెం విప్పి అమ్ముకోవచ్చు, పెళ్లొస్తే మళ్లీ కుట్టుకోవచ్చు. బ్యాంకు గడప తొక్కని ఆడదానికి తన పేర, తన తలమీద, ఎవరూ అడక్కుండా తాకలేని ఆస్తి అది. కుట్టు ఊడిపోయి దారపు రంధ్రాలు మిగిలిన చోటు ముసుగులో కనిపిస్తే దాన్ని చెదిరిన పని అని తీసిపారేయకూడదు. అక్కడ ఒక చెడ్డ ఏడాది దాగి ఉండవచ్చు.

ఇది రాజస్థాన్, గుజరాత్ వైపు నుంచి వచ్చిన పద్ధతి, తెలుగు నేల చరిత్రలో దీని పాలెంత అని అడిగేవాళ్లున్నారు. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర 1866లో స్థిరపడ్డాక బాప్టిస్టు సంఘాలు కంభం, మార్కాపురం దాకా వ్యాపించాయి. ఇవాళ ఆ ఊళ్లలో క్రైస్తవ పెళ్లికూతురు తెల్ల నెట్టు ముసుగుతో గుడికి వస్తుంది. ఆ తెలుపు 1840లో విక్టోరియా రాణి తెల్లని హానిటన్ లేసు ముసుగుతో పెళ్లి చేసుకున్నాక లోకమంతా పాకిన ఆచారం. దాన్ని మనం పరాయిదంటున్నామా? అనకూడదు కూడా. దారిన పోయే వస్తువు ఎక్కడ పుట్టిందన్న దానికంటే ఎవరి చేతుల్లో బతికిందన్నది చరిత్రకు ముఖ్యం. ఘుంగ్టో అంచున ఉన్న వెండి మన సంతల్లో చేతులు మారినది, దాని వెనక గుడ్డ మన అంగళ్లలో కొన్నది.

ముసుగు ఆడదాని ముఖం కప్పే ఆచారం కదా, దాన్ని పొగడడం ఆ అణచివేతను పొగడడం కాదా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. అత్తింటి మగవాళ్ల ఎదుట నుదురు దిగువకు ముసుగు లాక్కోమనే కట్టడిని నేను సమర్థించను. చీరో చుడీదారో కట్టుకుని కాలేజీకి, పనికి వెళ్లే తండా అమ్మాయికి బస్సులో ఎవరి వెక్కిరింపూ పడకుండా తిరిగే హక్కుంది. బరువు మోయలేక, చూపులు భరించలేక వదిలేసిన ఉడుపును మళ్లీ తొడుక్కోమని చెప్పే అధికారం పండితులకు లేదు. కానీ ఆచారాన్ని వదిలెయ్యడం వేరు, అందులో పెట్టిన పనిని మర్చిపోవడం వేరు. మాన్యాలు రద్దయినా ఇనాం శాసనాలు చదువుతూనే ఉన్నాం.

మరి ఆ పనిని నిలబెట్టడం సంత చూసుకుంటుందిలే అనేవాళ్లకు సండూరు ఒక నిదర్శనం. ఆ ఊరి లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశాల సందర్భంగా 1,755 లంబాడీ కుట్టు వస్తువులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆడవాళ్లకు కూలి దొరికే ఏ పనైనా మంచిదే, ఆ శ్రమకు నేను నమస్కరిస్తాను. అయినా దిండు గలీబు మీద కుట్టిన అద్దం, కూతురి ముసుగు మీద కుట్టిన అద్దం ఒకే సాక్ష్యం చెప్పవు. అమ్మకపు సరుకులో కొనేవాడి కొలత ఉంటుంది, కూతురి ముసుగులో ఇంటి స్థితి ఉంటుంది. అందుకే మ్యూజియాల్లో ఉన్న, ఇకపై చేరబోయే ప్రతి ముసుగు పక్కన 'లంబాడీ స్త్రీ దుస్తులు' అన్న ఒక్క చీటీ చాలదు. ఎవరు కుట్టారు, ఎవరి పెళ్లికి, ఏ తండాలో, దారం ఏ ఊరి అంగట్లో కొన్నారు, అన్నిటికంటే కొత్త నాణెం ఏది, ఏ నాణెం ఎప్పుడు ఊడదీశారు, ఎందుకు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది కుట్టినవాళ్లే. చేత్తో పెళ్లి ముసుగు కుట్టడం నేర్చిన తరం తండాల్లో ముసలిదైపోయింది. మార్కాపురం, గిద్దలూరు కాలేజీల చరిత్ర విద్యార్థులు సెలవుల్లో వాళ్ల దగ్గర కూచోవాలి. పెట్టె తెరిపించడానికి ముందు ఆ ఇంటి అనుమతి అడగాలి, రాసుకున్నది వాళ్లకు చదివి వినిపించాలి, ముసుగును మాత్రం వాళ్ల పెట్టెలోనే ఉంచి రావాలి.