పాలు తాగే హంతకుడు

కిరాయి హంతకుడంటే విస్కీ సీసా, క్లబ్బు డాన్సూ అనుకునేదాన్ని. ఫ్రెంచి దర్శకుడు లూక్ బెసాన్ 1994లో తీసిన ‘లియోన్’లో హంతకుడు గ్లాసులకొద్దీ పాలు తాగుతాడండీ! చదువు రాదు. కుండీలో మొక్కకి పసిబిడ్డకి చేసినట్టు సేవ చేస్తాడు.

న్యూయార్కులో అతని పక్క వాటాలోవాళ్ళని లంచగొండి పోలీసులు కాల్చేస్తారు. సరుకులకెళ్ళిన 12 ఏళ్ళ మెటిల్డా తిరిగొచ్చి, ఇంట్లోకెళ్ళకుండా ఏడుస్తూ ఇతని తలుపు ముందు నించుంటుంది. తీస్తాడా, తియ్యడా? నా ప్రాణం గొంతులోకొచ్చింది. తీశాడు. పిల్ల అతనికి అక్షరాలు నేర్పింది, అతను పిల్లకి తుపాకీ.

అంతటితో ఆగితే బాగుండును. ఆ పిల్ల అతన్ని ప్రేమిస్తున్నానంటుంది! అతను బెదిరిపోయాడనుకోండి. అయినా నాకు మనసు చివుక్కుమంది. అమెరికాలో దాదాపు 25 నిమిషాలు కత్తిరించి వదిలారు. 2000లో హిందీ ‘బిచ్ఛూ’ వాళ్ళు ఏకంగా పిల్లనే పెద్దదాన్ని చేసేశారు.

మరి మెటిల్డా వేషం కట్టిన నటాలీ పోర్ట్‌మన్ మాటో? 13వ ఏట తనకొచ్చిన మొదటి అభిమాని ఉత్తరంలో, ఎవడో మగాడు తనని చెరిచినట్టు ఊహించుకుని రాశాడట. 2018లో లాస్ ఏంజిలిస్‌లో ఆడవాళ్ళ ఊరేగింపులో ఆవిడే చెప్పింది. ఆ తరవాత ముద్దు సీనున్న వేషాలు వద్దందట.

ఆ కవరు ఎంతో సంబరంగా విప్పిందట, పిచ్చిపిల్ల.