తరవాణి కుండ నుంచి బయో ఎంజైమ్ సీసా దాకా

మా హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు చాలా బాల్కనీల్లో బత్తాయి, నిమ్మ తొక్కలు నింపిన సీసా ఒకటి కనిపిస్తోంది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్లు పోసి మూడు నెలలు పులియబెడితే బయో ఎంజైమ్. థాయిలాండ్‌కు చెందిన రోసుకోన్ పూంపన్‌వాంగ్ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నేనూ వేశాను. వేశాకే మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

గోదావరి వైపు ఆవిడ ఇంట్లో తరవాణి కుండ ఉండేది. వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు అందులో పులిసేవి. ఎండాకాలం పొద్దున్నే అందులో అన్నం కలుపుకుని తినేవాళ్లం. మరీ పులిసిపోయింది ఇత్తడి బిందెల మీదకు వెళ్లేది. పులిసిన మజ్జిగా, పులుసు తీసేసిన చింతపండు పిప్పీ అంతే. పులుపులోని ఆమ్లం ఇత్తడి మీది నల్లటి మకిలిని కరిగిస్తుంది. ఆ గుణానికి భయపడే వంట గిన్నెలకు లోపల కళాయి పూయించేవాళ్లు. లేకపోతే చారులోకి లోహం దిగుతుంది. ఏదీ తోమడం కోసమని చేసింది కాదు, దాని కోసం బెల్లం కొన్నదీ లేదు.

తర్వాత స్టీలు గిన్నెలొచ్చాయి. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. తోమాల్సిన ఇత్తడి అటకెక్కింది, తరవాణి కుండా పోయింది.

అమ్మమ్మ పులుపును నేల మీద మాత్రం ఎప్పుడూ వాడలేదు. మట్టి నేలకు పేడతో అలుకు, షాబాదు బండలకు ఉత్త నీళ్లు. మన స్టేషన్ మీదుగా వెళ్లే సికింద్రాబాద్–వాడీ రైలు మార్గం 1874 నాటిది. ఆ దారిలోనే తాండూరు, వాడీ దగ్గరే షాబాదు. రెండు ఊళ్ల బండలూ సున్నపురాయే. మార్బుల్ కూడా ఆ జాతిదే, పులుపు తగిలితే మెరుపు పోతుంది. నాకిది హాల్లో తెల్ల మార్బుల్ మీద బయో ఎంజైమ్‌తో తడిగుడ్డ పెట్టాక తెలిసింది. మచ్చ ఇంకా అలాగే ఉంది, అత్తయ్యగారు దాని మీద చాప వేశారు.

ఇప్పుడు సింకుకీ, బాత్రూం టైల్స్‌కీ మాత్రమే వాడుతున్నాను, నీళ్లు బాగా కలిపి. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట అసలు పోయను. పులుపు తగిలితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వండి, గాజు సీసా వద్దు. అటక మీది రాగి చెంబు దింపి తోమాను కూడా. దానికి చింతపండు పిప్పే సరిపోయింది.