సరిహద్దు పల్లెల గ్రంథాలయాల్లో తెలుగు పఠనం: ఏ కాలానికి ఏ పుస్తకం, ఏ కార్యక్రమం

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల తెలుగు ఇండ్లలో ఒక విచిత్రమైన స్థితి కనిపిస్తుంది. అవ్వతో గలగలా తెలుగు మాట్లాడే పిల్లవాడు తన పేరును తెలుగులో వ్రాయలేడు. బడి కన్నడంలో, ఇల్లు తెలుగులో సాగుతుండగా అక్షరం ఒక భాషకూ మాట మరొక భాషకూ చెందిపోయాయి. హోసూరు, తిరుత్తణి ప్రాంతాల్లో 2006 నాటి చట్టంతో తమిళం ఒకటవ తరగతి మొదలుకొని దశలవారీగా తప్పనిసరి అయిన తరువాత ఈ ఎడం మరింత పెరిగింది. పర్లాకిమిడి, సిరొంచ వైపు కూడా కథ ఇంచుమించు ఇదే. బడిలో తెలుగు లేని ఊరిలో పిల్లల కంటికి తెలుగు అక్షరం తగిలే చోటు గ్రంథాలయమే కావాలి.

ఆ గ్రంథాలయం పొరుగు భాషవారిదని మనవారు దూరంగా ఉండనక్కరలేదు. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకం కర్ణాటకలో రూపాయికి 6 పైసలు, తమిళనాడులో 10 పైసలు వసూలవుతున్నది. ఆ పైసల్లో తెలుగువారి పైసలూ ఉన్నాయి. మహారాష్ట్రలో 1967 నాటి చట్టం సుంకం విధించక, ప్రజలు నడిపే గ్రంథాలయాలకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చే పద్ధతిని పాటిస్తున్నది. ఒడిశా చట్టం 2001 నాటిది. కర్ణాటకలో పంచాయతీ గ్రంథాలయాలు 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖ క్రిందికి వచ్చాయి. 2020లో మొదలైన 'ఓదువ బెళకు' కార్యక్రమం ద్వారా పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇస్తున్నారు. ఊరి పిల్లలందరినీ సభ్యులుగా చేర్పించడం పెద్దల మొదటి పని.

ఏడాదిలో పఠనానికి అన్నిటికన్నా అనువైన కాలం వేసవి. బడి ఉండదు, చేనిలో పని తక్కువ, మధ్యాహ్నం ఎండకు పిల్లలు బయట తిరగలేరు. అనేక పంచాయతీ గ్రంథాలయాల్లో 'బేసిగె శిబిర' పేరిట వేసవి శిబిరాలు నిర్వహిస్తున్నారు. వీటిలో చిత్రలేఖనం, పాటలు, ఆటలు ఉంటాయి. మంచిదే. అయితే పుస్తకం తెరవకుండా ముగిసే శిబిరం గ్రంథాలయ శిబిరం ఎలా అవుతుంది? రోజుకు ఒక గంట, ఎండ ముదరకముందే, పఠనానికి కేటాయించమని తల్లిదండ్రులు అడగవచ్చు. అందులో వారానికి రెండు రోజులు తెలుగుకు ఇమ్మంటే కాదనే గ్రంథపాలకులు తక్కువ.

ఆ గంటలో ఏమి చదివించాలి? సరిహద్దు పిల్లలకు బాగా పనిచేసే పద్ధతి ఒకే కథను రెండు భాషల్లో చదివించడం. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ఒకే బొమ్మలతో అనేక భారతీయ భాషల్లో వెలువడ్డాయి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా కథలు ఉచితంగా లభిస్తాయి. గ్రంథాలయంలో కంప్యూటరు ఉంటే అక్కడే చదవవచ్చు, లేకుంటే కాగితంపై అచ్చు తీసుకోవచ్చు. పాత ఇండ్లలో 'చందమామ' సంచికలు దొరికితే మరీ మేలు. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన ఆ పత్రిక 1949లో కన్నడంలోనూ, తరువాత మరాఠీలో 'చాందోబా'గా, ఒడియాలో 'జన్హమాము'గానూ వచ్చింది. ప్రచురణ నిలిచిపోయినా అట్టలు కట్టిన సంపుటాలు అటకల మీద ఇంకా ఉన్నాయి. వాటిని చెదలకు వదలక గ్రంథాలయానికి ఇవ్వడం ఉత్తమం. పిల్లవాడు ముందు తనకు వచ్చిన లిపిలో కథ చదువుతాడు. పిదప అదే బొమ్మ క్రింద తెలుగు వాక్యం చూస్తాడు. అర్థం ముందే తెలుసు కనుక వాని శ్రద్ధ అంతా అక్షరం మీదనే నిలుస్తుంది.

ఇక్కడ ఒక్కొక్క రాష్ట్రపు పిల్లల అవసరం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుండి చీలినవి. గ, జ, డ, ర, ల వంటివి రెండింటా దాదాపు ఒకటే రూపం. క, త, శ వంటివి వేరు. తలకట్టు తేడా ఒకసారి చూపితే కన్నడం చదవగల పిల్లవాడు తక్కువ రోజుల్లోనే తెలుగు కూడబలుక్కుంటాడు. వీరికి అక్షరమాల మొదటి నుండి నేర్పడం కాలయాపన. ఏ అక్షరాలు వేరో వాటినే నేర్పితే చాలు. తమిళం చదివిన పిల్లలకు కష్టం మరొకచోట ఉంది. తమిళంలో క, గ ధ్వనులకు ఒకే అక్షరం. అందుచేత తెలుగులో క, ఖ, గ, ఘ విడివిడిగా ఎందుకున్నాయో చెవికి వినిపించిన తరువాతనే కంటికి చూపాలి. నాగరి చదివే మహారాష్ట్ర పిల్లలకూ, ఒడియా చదివే పిల్లలకూ వర్ణక్రమం తెలుసు, రూపాలే కొత్త. యానాం విషయం వేరు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నా అక్కడి జనుల భాష తెలుగే. అక్కడ లిపి కన్నా పుస్తకంపై ఆసక్తి కలిగించడమే పని.

వేసవిలోనే చేయదగిన మరొక కార్యక్రమం అవ్వాతాతల కథలు వ్రాసుకోవడం. వారానికి ఒక పెద్దను గ్రంథాలయానికి పిలిచి కథ చెప్పించాలి. పిల్లలు తమకు వచ్చిన లిపిలో వ్రాసుకుని, తరువాత తెలుగులోకి ఎత్తి వ్రాయాలి. ఊరి మాటను 'పుస్తకాల మాట కాదు' అని దిద్దరాదు. చిత్తూరు పల్లె పలుకుబడిలో నామిని వ్రాసిన 'పచ్చనాకు సాక్షిగా', పులికాటు సరస్సు తీరపు తెలుగులో స.వెం. రమేశ్ వ్రాసిన 'ప్రళయకావేరి కథలు' ఇందుకు తార్కాణం. పై తరగతుల పిల్లలకు వీటిలో ఒక కథను బిగ్గరగా చదివి వినిపిస్తే, ఇంటి మాట అచ్చులో కనిపించినప్పటి వారి ముఖాలు చూడవలసినవే.

వానాకాలంలో విత్తనం, కలుపు పనులతో పెద్దలకు తీరిక ఉండదు. ఈ కాలంలో పుస్తకం ఇంటికి పోయి రావడమే చాలును. ఆగస్టు 12 గ్రంథపాలకుల దినోత్సవం; గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ఎస్.ఆర్. రంగనాథన్ జన్మదినం. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చి, సవర పిల్లల చదువుకై పుస్తకాలు వ్రాసిన గిడుగును సరిహద్దు పల్లెలు ప్రత్యేకంగా తలచుకోవాలి. 1936లో ఆ ఊరు ఒడిశాలో చేరింది.

నవంబరు 14 నుండి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. 14వ తేదీ బాలల దినోత్సవం కూడా కావడంతో అసలు సంగతి చాలామందికి తెలియదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికి పూనిక వహించినవారిలో ముఖ్యుడు, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ స్థాపనకు మూలపురుషుడైన అయ్యంకి వెంకటరమణయ్య. వారోత్సవంలో ఉపన్యాసాలు తగ్గించి, తెలుగు పుస్తకాలన్నీ ఒక బల్లపై పరచి, ఎవరికి నచ్చినది వారు ఇంటికి తీసుకుపోయేలా చేస్తే మేలు. చందాలు కూడితే ఆ వారంలోనే కొన్ని కొత్త పుస్తకాలు అరలోకి చేరతాయి.

సంక్రాంతి నుండి ఉగాది వరకు పెద్దల పఠనానికి తగిన కాలం. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం ఈ నడుమనే వస్తుంది. ఇరుగు భాషల పుస్తకాలు కూడా ఇప్పుడు చదవదగినవి. తమిళ దేశానికి వలస వచ్చిన తెలుగువారి కథను తమిళంలో 'గోపల్ల గ్రామం'గా చెప్పినవాడు కి. రాజనారాయణన్, దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. కోరాపుట్ గిరిజనుల జీవితంపై గోపీనాథ్ మహంతి వ్రాసిన 'పరజా' (1945), సానే గురూజీ మరాఠీ పుస్తకం 'శ్యామ్చీ ఆయీ' (1935) కూడా చదవవచ్చు. కోలారు ప్రాంతంవారు మాస్తి వెంకటేశ అయ్యంగార్ కన్నడ కథలతో మొదలుపెట్టవచ్చు. మాస్తి అనే ఊరు ఆ జిల్లాలోనిదే.

అరలో తెలుగు పుస్తకాలు లేకపోతే నోటిమాటగా అడిగి ఊరుకోకూడదు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, వెల వ్రాసి, ఆ రాష్ట్ర భాషలోనే అర్జీ తయారుచేసి, చదివేవారందరి సంతకాలతో గ్రంథపాలకునికి ఒక ప్రతి, పైకార్యాలయానికి ఒక ప్రతి ఇవ్వాలి. కలకత్తాలో 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాల ద్వారా పుస్తకాల కొనుగోలుకు సాయం చేస్తుంది. అర్జీలో ఆ మాటా ప్రస్తావించవచ్చు. పుస్తకాలు వచ్చాక అక్కడే తిరగవేసి వదలక, ప్రతిసారీ రిజిస్టరులో వ్రాయించి ఇంటికి తీసుకుపోవాలి. మరుసటి ఏడాది తెలుగుకు ఎంత కేటాయించాలో నిర్ణయించే అధికారి ముందుగా చూసేది ఆ రిజిస్టరునే.