బిగిసే కీలు, ఊగే కీలు: జపాన్ లోహపు రోబోలు, నిమ్మలకుంట తోలుబొమ్మల నిర్మాణం

ప్రస్తావన

బొమ్మను రూపంతో, రంగుతో, కథతో గుర్తుపడతాం. విడి భాగాలుగా తయారైన బొమ్మను మాత్రం దాని కీలును బట్టి అంచనా వేయాలి. 1970, 80 దశకాల్లో జపాన్‌లో వచ్చిన, విడి యంత్రాలు కలిసి ఒకే శరీరమయ్యే కలయిక రోబోలను, రాయలసీమ తోలుబొమ్మలను ఈ వ్యాసం ఆ దృష్టితోనే పోలుస్తుంది. రెంటి మధ్య చారిత్రక సంబంధం ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ముక్కలను ఒక్క శరీరంగా కూర్చడమనే సమస్యను రెండు సంప్రదాయాలు ఎలా పరిష్కరించాయన్నదే ఇక్కడి పరిశీలన.

కలిసే లోహం

జపాన్ బొమ్మల కంపెనీ బాందాయ్ అనుబంధ సంస్థ పోపీ 1974లో ‘చోగోకిన్’ శ్రేణిని మజింగర్ జెడ్ బొమ్మతో ప్రారంభించింది. కరిగిన జింకు మిశ్రమలోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి పోత పోసేవారు. ఆ లోహపు బరువే బొమ్మకు ఆకర్షణ, రూపకర్తకు సమస్య.

1976 నాటి కాంబాట్లర్ వి రోబోలో ఐదు వాహనాలు దొంతరగా పేరుకుంటాయి: పైన తలగా మారే జెట్, దాని కింద ఛాతీ, చేతులు, ఆ తర్వాత మొండెం, కాళ్లు, చివరగా పాదాలు. బరువు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. 1977 నాటి వోల్టెస్ విలోనూ వాహనాలు ఐదే. అయితే చేతులకు ప్రత్యేకంగా ఒక వాహనాన్ని కేటాయించారు. ఈ రెంటిలో కలయిక పూర్తయ్యాక మనిషి ఆకారమే ముందుకొస్తుంది, వాహనాలు అందులో కలిసిపోతాయి.

1981లో వచ్చిన గోలయన్ మరో దారి పట్టింది. నల్ల సింహం మొండెమవుతుంది, మిగతా నాలుగు సింహాలు కాళ్లూ చేతులూ అవుతాయి. సింహాల తలలు పిడికిళ్లుగా, పాదాలుగా బయటికే కనిపిస్తాయి. భాగం తన గుర్తింపు వదలకుండానే మొత్తంలో చేరుతుంది. చేతులుగా మారిన సింహాలు పక్కకు వేలాడతాయి కాబట్టి ఆ అతుకు మరింత గట్టిగా పట్టు నిలపాలి.

ఊగే తోలు

కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల మెట్ట సీమలో గొర్రెలు, మేకలు జీవనాధారం. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో కళాకారులు మేకతోలును శుభ్రపరిచి, వెలుతురు పారేంత పలచగా చేస్తారు. దానిమీద బొమ్మ గీసి, ఉలితో నగల చోట చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులద్దుతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఒక మోచేతిని దగ్గరగా చూద్దాం. రెండు తోలు ముక్కలు అంచుల దగ్గర ఒకదానిపై ఒకటి పడతాయి. రెంటి గుండా ఒకే చిల్లు, అందులో దూర్చి ముడివేసిన దారం. ముడి బిగిస్తే చెయ్యి ఆడదు, మరీ వదులైతే చెయ్యి వేలాడిపోతుంది. తోలు రెండు పొరలైన చోట వెలుతురు తగ్గి, తెరమీద ఆ భాగం ముదురుగా పడుతుంది. అంటే కీలు కదలికను ఇవ్వడమే కాదు, చిత్రంలోనూ భాగమవుతుంది. నడుమ కర్ర శరీరాన్ని నిలబెడుతుంది, చేతి పుల్లలు అభినయాన్ని నడిపిస్తాయి.

తులన

రోబో కీలు ఆకారాన్ని నిలపాలి. తోలుబొమ్మ కీలు ఆకారాన్ని ఆడించాలి. మొదటిది అచ్చులో కొలతలు కుదిరితే పనిచేస్తుంది, రెండోది చేతి అనుభవంతో కుదురుతుంది. రోబో భాగాలు విడివిడిగా కూడా ఆటవస్తువులే. తోలు చెయ్యి మొండెం నుంచి వేరైతే తోలుముక్కే. గోలయన్‌లో భాగానికి ఉన్న స్వాతంత్ర్యం తోలుబొమ్మలో లేదు. తోలుబొమ్మకున్న అభినయం గోలయన్‌కు లేదు.

ముగింపు

పాత రోబోలను సేకరించేవారు అన్ని భాగాలూ ఉన్నాయా, కీళ్లు ఇంకా బిగుస్తున్నాయా అని పరీక్షిస్తారు. తోలుబొమ్మకూ ఆ శ్రద్ధ దక్కాలి. తోలుతో చేసే ల్యాంప్‌షేడ్లు, గోడ అలంకరణలు నిమ్మలకుంటకు ఉపాధినిస్తున్నాయి, అది మంచిదే. కానీ వాటికి కీళ్ల అవసరం లేదు. మ్యూజియం నమోదులో ఎత్తు, రంగు, పాత్ర పేరుతోపాటు కీళ్లు ఎన్ని, ముడి ఎలా వేశారు, పుల్ల ఎక్కడ పట్టించారు అన్నవీ చేరాలి. ఆ వివరాలు రాసిపెట్టకపోతే మనకు మిగిలేది తోలు మీద చిత్రం మాత్రమే, ఆడే బొమ్మ కాదు.